మేనేజర్ కింద ఎంతమంది ఉండాలి? నంబర్ చెప్పేవాళ్లని అడగాల్సిన ఒక్క ప్రశ్న

ఈరోజు చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. మీ మేనేజర్‌కి ఎంతమంది రిపోర్ట్ చేస్తారు? ఐదుగురా, పన్నెండుమందా, పాతికమందా? మీకింకా ఉద్యోగం రాలేదంటే, బెంగళూరులో ఉన్న మీ అన్ననో, సచివాలయంలో పనిచేసే మీ అక్కనో అడిగి చూడండి.

ఇది హెచ్‌ఆర్ వాళ్ల తలనొప్పి, మనకెందుకు అనుకోవద్దు. మీ అప్రైజల్ రాసేది ఆ మేనేజరే. మీ కోడ్ చూసి ఇక్కడ తప్పుంది అని చెప్పాల్సింది ఆయనే. మీ పేరు ప్రమోషన్ లిస్టులో ఉండాలా వద్దా అని పై మీటింగ్‌లో మాట్లాడాల్సిందీ ఆయనే. ఆయన కింద ఆరుగురుంటే మీ పేరు వినగానే మీ పని గుర్తొస్తుంది. పాతికమంది ఉంటే ఎక్సెల్ షీట్‌లో ఒక వరుస గుర్తొస్తుంది.

నేను పనిచేసిన ఒక కంపెనీలో మొదట ఒక లీడ్ కింద ఆరుగురం ఉండేవాళ్లం. తర్వాత టీమ్‌లు కలిపేసి ఒకే మేనేజర్ కింద పంతొమ్మిదిమందిని పెట్టారు. నిర్ణయాలు తొందరగా జరుగుతాయి అని స్లైడ్‌లో చూపించారు. తొందరగా జరిగింది లీవ్ అప్రూవల్ ఒక్కటే. కోడ్ రివ్యూకి మాత్రం మూడు రోజులు ఆగేవాళ్లం. అప్పట్నుంచి నాకు ఈ టాపిక్ మీద ఒక కన్నుంది.

దీనికి మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో ఒక పేరుంది, స్పాన్ ఆఫ్ కంట్రోల్. ఒక మనిషి నేరుగా ఎంతమందిని చూసుకోగలడు అని. వందేళ్లుగా దీని మీద వాదనలు నడుస్తున్నాయి. ఈరోజు ఆ వాదనల్ని ఒక్కొక్కటిగా తీసి, ఏది నిలబడుతుందో, ఏది పడిపోతుందో చూద్దాం.

మొదటిది మిలిటరీ వాదన. 1921లో ఇయాన్ హామిల్టన్ అనే బ్రిటిష్ జనరల్ ఒక పుస్తకంలో, మామూలు మనిషి బుర్ర మూడు నుంచి ఆరు బుర్రల్ని చూసుకోగలదు అన్నాడు. తర్వాత ఎల్. ఉర్విక్ అనే మేనేజ్‌మెంట్ రచయిత ఐదు, మహా అయితే ఆరు అన్నాడు. ఇప్పటికీ ట్రైనింగ్ క్లాసుల్లో ఈ నంబర్లే తిరుగుతుంటాయి. కానీ వాళ్లు చెప్పింది అంతటితో ఆగలేదు. హామిల్టన్ పైస్థాయికి వెళ్లేకొద్దీ మూడుకి దగ్గరగా, కిందిస్థాయికి వచ్చేకొద్దీ ఆరుకి దగ్గరగా ఉండాలన్నాడు. ఉర్విక్ అయితే, కింద ఉన్నవాళ్ల పనులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నప్పుడే ఈ ఐదారు లెక్క అన్నాడు. అంటే ఇద్దరూ షరతు పెట్టి నంబర్ చెప్పారు. మనవాళ్లు షరతు వదిలేసి నంబర్ మాత్రం పట్టుకున్నారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ ఇదే కనిపిస్తుంది.

రెండోది ఫార్ములా వాదన. 1933లో గ్రైకునస్ అనే కన్సల్టెంట్ ఒక లెక్క వేశాడు. బాస్ కింద మనుషులు పెరిగితే సంబంధాలు ఒక్కొక్కటిగా పెరగవు, గుణించుకుంటూ పోతాయి అని. బాస్‌కి ఒక్కొక్కరితో ఒక సంబంధం, వాళ్లలో వాళ్లకి ఒక సంబంధం, ఇద్దరు ముగ్గురు కలిసినప్పుడు ఇంకోటి. ఆయన లెక్క ప్రకారం నలుగురుంటే 44 సంబంధాలు. ఐదుగురుంటే 100. ఆరుగురుంటే 222. పదిమంది ఉంటే 5,210!

వినగానే భయమేస్తుంది కదా? మన బీటెక్ బుర్రకి ఫార్ములా కనిపిస్తే ఇంక నిజమే అనిపిస్తుంది. కానీ ఇక్కడ ఆగండి. ఇది ఉండగలిగే సంబంధాల లెక్క, నిజంగా నడిచే సంబంధాల లెక్క కాదు. మీ కాలేజీ వాట్సాప్ గ్రూప్‌లో అరవైమంది ఉంటారు. అందులో రోజూ మాట్లాడుకునేది ఎంతమంది? పైగా నడిచే సంబంధాల్లో కూడా బాస్ తలదూర్చాల్సినవి ఎన్ని? కాబట్టి ఫార్ములా ఒక్క విషయమే చెబుతుంది. మనుషులు పెరిగేకొద్దీ చిక్కు వేగంగా పెరుగుతుంది అని. ఐదు దగ్గర ఆగాలా, పదిహేను దగ్గర ఆగాలా అన్నది అది చెప్పదు.

మూడోది ఖర్చు వాదన. ఈమధ్య ఎక్కువ వినిపిస్తున్నది ఇదే. లెక్క మనమే వేద్దాం. వెయ్యిమంది ఇంజినీర్లు ఉన్న కంపెనీ. ప్రతి ఐదుగురికి ఒక మేనేజర్ అంటే కింద 200 మంది మేనేజర్లు, వాళ్లపైన 40, ఆపైన 8, ఆపైన 2, చివర ఒకరు. మొత్తం 251 మంది, ఐదు అంతస్తులు. అదే పదిమందికి ఒకరంటే 100, 10, 1. మొత్తం 111 మంది, మూడు అంతస్తులు. తేడా 140 జీతాలు. అవి కూడా మేనేజర్ జీతాలు.

అందుకే 2023లో మెటా కంపెనీ మధ్యలో ఉన్న లేయర్లు తీసేస్తాం అంది. 2024 సెప్టెంబర్‌లో అమెజాన్, మేనేజర్లతో పోలిస్తే పనిచేసేవాళ్ల నిష్పత్తిని కనీసం 15 శాతం పెంచాలని టార్గెట్ పెట్టుకుంది. ఈ వాదనలో నిజం లేకపోలేదు. ఐదు అంతస్తులు దాటేసరికి కింద పుట్టిన సమస్య పైకి చేరేలోపు దాని రూపమే మారిపోతుంది. కానీ అదే మెటాలో జుకర్‌బర్గ్, ఒక మేనేజర్ కింద మామూలుగా పదిమందికి మించకూడదని కూడా చెప్పాడు. మళ్లీ అదే కథ. లేయర్లు తీసేయడం అందరూ కాపీ కొట్టారు. పది దగ్గర ఆగమన్న మాట ఎంతమందికి గుర్తుంది?

ఈ రెండు వాదనల మధ్య ఉన్న కొట్లాటని హెర్బర్ట్ సైమన్ అనే ఆయన 1946లోనే పట్టుకున్నాడు. తర్వాత ఎకనామిక్స్‌లో నోబెల్ కూడా వచ్చింది ఆయనకి. ఆయన అన్నదేంటంటే, కింద తక్కువమంది ఉండాలి అన్నది ఒక సామెత, మధ్యలో అంతస్తులు తక్కువ ఉండాలి అన్నది ఇంకో సామెత. రెండూ వినడానికి బాగుంటాయి. కానీ ఒకటి పాటిస్తే రెండోది పోతుంది. సామెతలు మనకి తక్కువా? నిదానమే ప్రధానం అంటాం, ఆలస్యం అమృతం విషం అని కూడా అంటాం. ఎప్పుడు ఏది వాడాలో సామెత చెప్పదు.

ఇది నిజమో కాదో మన రాష్ట్రంలోనే చూడొచ్చు. ఎన్టీఆర్ ప్రభుత్వం 1985లో మండలాలు తెచ్చింది. అప్పటిదాకా ఉమ్మడి రాష్ట్రంలో 330 పంచాయతీ సమితులు. వాటి స్థానంలో 1,104 మండలాలు వచ్చాయి. జనానికి ఆఫీసు దగ్గరైంది. మా సంగం లాంటి ఊరు మండల కేంద్రం అయిందంటే అందువల్లే. కింద చూస్తే బ్రహ్మాండం. ఇప్పుడు ఒక మెట్టు పైకెక్కి చూడండి. జిల్లాలు 23. ఒక్కో జిల్లాకి సగటున 14 సమితులు ఉండేవి కాస్తా, 48 మండలాలయ్యాయి. కింద ఇరుకు చేస్తే పైన వెడల్పయింది. అందుకే మధ్యలో ఆర్డీవో చాలా ముఖ్యం అయ్యాడు. మా సంగం తహసీల్దార్‌కి, నెల్లూరు కలెక్టర్‌కి మధ్యలో ఆత్మకూరు ఆర్డీవో ఉన్నట్టు. అంటే ఒక అంతస్తు.

తర్వాత 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. రాష్ట్రంలో దాదాపు 680 మండలాలు కాబట్టి, జిల్లాకి సగటున 52 ఉండేవి 26కి వచ్చాయి. మంచిదే. కానీ 26 అన్న నంబర్ ఎక్కడినుంచి వచ్చింది? ఒక కలెక్టర్ ఎన్ని మండలాలు చూడగలడు అని ఎవరైనా పని లెక్కేసి తెచ్చారా? లేదు. ఒక పార్లమెంటు నియోజకవర్గానికి ఒక జిల్లా, 25. అరకు మరీ పెద్దది కాబట్టి దాన్ని రెండు చేస్తే 26. ఎంపీ సీట్ల మ్యాప్ నుంచి వచ్చిన నంబర్ అది. తప్పని చెప్పట్లేదు. కానీ నంబర్ ఎక్కడ పుట్టిందో తెలిస్తే, దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

నాలుగోది గొప్పవాళ్ల ఉదాహరణ. ఎన్‌విడియా జెన్సన్ హువాంగ్ కింద దాదాపు అరవైమంది నేరుగా రిపోర్ట్ చేస్తారు, వాళ్లతో ఆయన విడివిడిగా వన్ ఆన్ వన్ మీటింగులు పెట్టుకోడు. ఇది ఆయనే చాలా ఇంటర్వ్యూల్లో చెప్పాడు. ఇది విని మా మేనేజర్ కింద ముప్పైమంది ఉంటే తప్పేంటి అనేవాళ్లు బయల్దేరారు. అయ్యా, ఆ అరవైమంది ఎవరు? వాళ్లే ఒక్కొక్కరు ఒక్కో డిపార్ట్‌మెంట్‌ని నడిపే పెద్దలు. ప్రొడక్షన్ సర్వర్‌లో ఏ బటన్ నొక్కాలో భయపడే ఫ్రెషర్లు కారు. ఇంకోవైపు గూగుల్ కథ ఉంది. 2002లో ఇంజినీరింగ్ మేనేజర్లే వద్దని ఒక ప్రయోగం చేసింది. కొన్ని నెలలే నడిచింది. ఖర్చుల బిల్లులు, మనుషుల మధ్య గొడవలు అన్నీ నేరుగా లారీ పేజ్ దగ్గరికి వెళ్లడం మొదలైంది. ఒక్క కంపెనీ కథతో ఏదైనా నిరూపించొచ్చు. అందుకే ఒక్క కథతో ఏదీ నిరూపణ కాదు.

సరే, మరి నిలబడేది ఏది? దీనికి సమాధానం మా ఊరి పొలాల్లో దొరుకుతుంది. సంగం అంటే పెన్నమ్మ, బ్యారేజీ, వరి. నాట్లప్పుడు చూడండి. ఒక ముఠా మేస్త్రి, ఆమె కింద ఇరవై పాతికమంది ఆడవాళ్లు. ఎవరు వచ్చారో తెలుసు, ఎవరి వరుస వంకరపోయిందో గట్టు మీద నుంచే కనిపిస్తుంది, కొత్తగా వచ్చిన పిల్లకి పక్కనున్న అక్క నేర్పించేస్తుంది. పాతికమందికి ఒకరు, ఏ ఇబ్బందీ లేదు.

ఇప్పుడు అదే ఊళ్లో గ్రామ సచివాలయానికి రండి. 2019 అక్టోబర్ 2న మొదలైన వ్యవస్థ. పంచాయతీ కార్యదర్శి, వీఆర్వో, సర్వేయర్, ఏఎన్‌ఎం, మహిళా పోలీసు, ఇంజినీరింగ్ అసిస్టెంట్, డిజిటల్ అసిస్టెంట్, వెల్ఫేర్ అసిస్టెంట్, వ్యవసాయ సహాయకుడు, పశువుల సహాయకుడు, కరెంటు చూసే ఎనర్జీ అసిస్టెంట్. మొదలైనప్పుడు అన్ని పోస్టులూ నిండితే పదిమంది దాకా. మేస్త్రి చూసేవాళ్లలో సగం కూడా లేరు. మరి కార్యదర్శికి తేలికా? సర్వేయర్ కొలత సరిగ్గా ఉందో లేదో ఆయన ఎలా చెప్తాడు? అది చూడాల్సింది మండల సర్వేయర్. ఏఎన్‌ఎం పని చూడాల్సింది పీహెచ్‌సీ డాక్టర్. వ్యవసాయ సహాయకుడిది మండల వ్యవసాయాధికారి. కార్యదర్శి చేతిలో మిగిలేది హాజరు, సెలవు, కొన్ని సంతకాలు. 2021లో ఆ అధికారాల్ని కూడా వీఆర్వోకి మారుస్తూ జీవో వచ్చింది, హైకోర్టు దాన్ని ఆపింది. చూశారా, అక్కడ గొడవ ఎంతమంది అని కాదు. ఎవరి కింద, ఏ పనికి అని.

ఇదే ఈ వీడియోలో అసలు మాట. ఒకరి కింద పనిచేయడం అంటే మూడు వేరువేరు పనులు. ఒకటి హాజరు చూడటం. రెండు పని బాగుందో లేదో చూడటం. మూడు నేర్పించడం. హాజరు వందమందికి కూడా ఒకరు చూడొచ్చు, ఇప్పుడు మెషీనే చూస్తోంది. పని నాణ్యత చూడాలంటే, అందరిదీ ఒకే పని అయి కళ్లముందు కనిపిస్తుంటే పాతికమంది, ఎవరి పని వాళ్లదైతే ఇంకా తక్కువ. నేర్పించాలంటే అంతకంటే తక్కువ. కాబట్టి ఎవరైనా నంబర్ చెప్తే మనం అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. ఈ మూడిట్లో దేని గురించి మాట్లాడుతున్నారు సార్?

ఫ్యాక్టరీల్లో కూడా ఇదే తేలింది. జోన్ వుడ్‌వర్డ్ అనే పరిశోధకురాలు 1950లలో ఇంగ్లండ్‌లోని సౌత్ ఎసెక్స్‌లో వంద కంపెనీలు తిరిగి చూసింది. ఒకే రకం వస్తువుని పెద్ద ఎత్తున తయారుచేసే చోట ఒక సూపర్‌వైజర్ కింద సగటున 48 మంది. ఆర్డర్ మీద ఒక్కో వస్తువు చేసేచోట 23. కెమికల్ ప్లాంట్ లాంటి నిరంతరం నడిచే చోట 15. పని మారితే నంబర్ మారింది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో కూడా, నగరంలో గోపుడు అనే ఉద్యోగి పది, ఇరవై లేదా నలభై కుటుంబాల లెక్కలు చూడాలని ఉంటుంది. ఆయన కూడా ఒక్క నంబర్ చెప్పలేదు!

కుటుంబాలు అన్నాక, మన వాలంటీర్ల సంగతి మాట్లాడకపోతే ఎట్లా? 2019 ఆగస్టు 15న మొదలైంది, గ్రామాల్లో 50 ఇళ్లకి ఒకరు. దీని మీద రాజకీయం నాకొద్దు, వాదనలు మాత్రం చూద్దాం. ఒక వాదన ఏంటంటే, 50 ఇళ్లకి ఒకరు లేకపోతే పింఛన్ ఇంటికి రాదు. 2024 జూలై 1న ఏమైంది? పెంచిన 4,000, మూడు నెలల బకాయి 3,000, కలిపి 7,000 రూపాయల పింఛన్. 65 లక్షల మందికి పైగా లబ్ధిదారులు. సచివాలయ ఉద్యోగులే ఒక్కొక్కరు యాభైమంది చొప్పున పంచుకుని ఇళ్లకి వెళ్లారు. ఎక్కువ భాగం ఆ ఒక్కరోజులోనే అయిపోయింది. కాబట్టి ఆ వాదన పడిపోయింది.

కానీ రెండోవైపు వాళ్లు దీన్ని పట్టుకుని, అయితే ఎవరూ అక్కర్లేదు, అంతా నడుస్తుంది అంటే అది కూడా నిలబడదు. పింఛన్ పంచడం నెలకి ఒకరోజు పని, అందరికీ ఒకే పని, అయిందో లేదో ఫోన్‌లోనే తెలిసిపోతుంది. ఏ ముసలమ్మకి వేలిముద్ర పడట్లేదు, ఎవరి పేరు రేషన్ కార్డులో తప్పుపడింది అని ఏడాది పొడుగునా తెలుసుకోవడం వేరే పని. ఒక పనికి సరిపోయిన నంబర్‌ని ఇంకో పనికి అతికించారు, రెండువైపులా అదే జరిగింది. ఇంకోటి కూడా ఎవరూ అడగలేదు. దాదాపు 2.6 లక్షల వాలంటీర్లు, 15 వేల సచివాలయాలు. అంటే ఒక్కో సచివాలయానికి సగటున పదిహేడుమంది. ఆ పదిహేడుమందికి నేర్పించేది, వాళ్ల పని చూసేది ఎవరు? కింద 50 అని ముచ్చటగా లెక్క కట్టాం, పైమెట్టు లెక్క వదిలేశాం. మండలాలప్పుడు చూసిందే మళ్లీ.

దీనికి సరైన ఉదాహరణ కూడా మా పక్కనే ఉంది. ఉదయగిరి వైపు, కలిగిరి మండలం దూబగుంట. సారా ఉద్యమం మొదలైన ఊరు. ఆ ఊపులోనే నెల్లూరు జిల్లాలో పొదుపు సంఘాలు పెరిగాయి. ఒక సంఘంలో పది నుంచి పదిహేనుమంది. ఎందుకు నలభై కాదు? అక్కడ పని అప్పు ఇవ్వాలా వద్దా అని తేల్చడం. అందరూ చుట్టూ కూర్చుని, ప్రతి ఒక్కరూ నోరు విప్పాలి, ఒకరి ఇంటి సంగతి ఒకరికి తెలియాలి. నలభైమంది ఉంటే ఐదుగురు మాట్లాడతారు, మిగతావాళ్లు తలూపుతారు. పైన గ్రామ సంఘం, ఆపైన మండల సమాఖ్య, ఆపైన జిల్లా సమాఖ్య. పనికి తగ్గట్టు నంబర్, నంబర్‌కి తగ్గట్టు మెట్లు.

ఇప్పుడు మీ విషయానికొద్దాం. మేనేజర్‌కి వారంలో 40 గంటలు అనుకోండి. క్లయింట్ కాల్స్, పై మీటింగులు కలిపి 20 పోయాయి. మిగిలింది 20. టీమ్‌లో అంతా ఫ్రెషర్లైతే మనిషికి వారానికి 4 గంటలు కావాలి, అంటే ఐదుగురు. అనుభవం ఉన్నవాళ్లైతే 2 గంటలు, పదిమంది. ఒకే రకం టికెట్లు చేసే సపోర్ట్ టీమ్ అయితే అరగంట చాలు, నలభైమంది. అదే మేనేజర్, అదే వారం, మూడు సమాధానాలు. ఈ గంటలు నేను ఉదాహరణకి వేసుకున్నవి, మీ టీమ్ గంటలు మీరు పెట్టి చూడండి.

అందుకే ఇంటర్వ్యూ చివర్లో ఏమైనా ప్రశ్నలున్నాయా అని అడుగుతారు కదా, అప్పుడు మొహమాటపడకుండా అడగండి. నేను రిపోర్ట్ చేసే మేనేజర్ కింద ఎంతమంది ఉన్నారు? నా కోడ్ ఎవరు రివ్యూ చేస్తారు? వన్ ఆన్ వన్ ఎన్నాళ్లకోసారి? పాతికమంది అన్నారంటే వెంటనే వద్దనుకోనక్కర్లేదు. నేర్పించే మనిషి వేరే ఉన్నారా అని చూసుకోండి. ఉంటే పర్లేదు. లేకపోతే మొదటి రెండేళ్లు మీకు మీరే గురువు, అందుకు సిద్ధపడి చేరండి.

రేపు మీరే లీడ్ అయి, ఇంకో నలుగుర్ని తీసుకోమని పైనుంచి అడిగితే, వద్దు సార్ అనకండి, సరే సార్ అని కూడా అనకండి. వారం లెక్క కాగితం మీద రాసి చూపించండి. ఈ నలుగురు వస్తే రివ్యూ తగ్గుతుంది, లేదంటే ట్రైనింగ్ తగ్గుతుంది, ఏది తగ్గించమంటారు అని అడగండి. అప్పుడు ఏది వదులుకోవాలో వాళ్లే చెప్పాల్సి వస్తుంది.

మీ టీమ్‌లో ఎంతమంది, మీ పని నిజంగా చూసేది ఎవరు అన్నది కింద కామెంట్‌లో రాయండి. కంపెనీ పేరు మాత్రం వద్దు, ఉద్యోగం జాగ్రత్త. కొత్తగా జాబ్‌లో చేరబోతున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఈ వీడియో పంపించండి.